తలకు మెత్తని గుడ్డ పట్టీ



ఈ నెల ఈ పేజీలో చిన్న పని ఒకటి చెప్పదలచాము. మూరెడు గుడ్డ, జానెడు ఎలాస్టిక్, ఒక గంట తీరిక ఉంటే చాలు, తలకు పెట్టుకునే మెత్తని పట్టీ ఇంట్లోనే తయారవుతుంది. సంతలో, జాతరలో దొరికే ప్లాస్టిక్ బ్యాండు కొన్ని గంటలకే చెవుల వెనుక ఒత్తి తలనొప్పి తెస్తుంది. సన్నని రబ్బరు పట్టీ వెంట్రుకలను లాగుతుంది. రోజూ బిగించి కట్టితే నుదుటి మీది వెంట్రుకలు పలచబడతాయి. ఏండ్ల తరబడి అలాగే చేస్తే అవి తిరిగి రాకపోవచ్చును. పత్తి చేనులో, నాటు మడిలో, కట్టెల పొయ్యి ముందు పనిచేసే స్త్రీకి చెమట కండ్లలోకి కారకుండా ఉండవలెనంటే మెత్తని నూలు పట్టీయే మేలు.

తలగుడ్డ మన ప్రాంతమునకు క్రొత్త కాదు. పూర్వపు నల్లగొండ జిల్లాలో, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. ఒకప్పుడు చీరాలలో పేరుపొందిన నేత ఇది. నేతకు ముందు నూలును ఆముదపు కాయల బూడిదలోను నూనెలోను పలుమార్లు నానబెట్టి ఆరబెడతారు. అందుచేత గుడ్డ మెత్తబడుతుంది, ఎండలో తలకు చల్లగా ఉంటుంది. అరబ్బు దేశములవారు కూడ ఆ రుమాళ్ళను తలకు చుట్టుకొనుటకు తెప్పించుకునేవారు. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. తలకు పెట్టే గుడ్డ ఎంత మెత్తగా ఉండవలెనో మన నేతగాండ్లకు ఏనాడో తెలుసు. మనము కుట్టే పట్టీకి కూడ రంగుకంటె ముందు ఆ మెత్తదనమే చూడవలెను.

ఈ పట్టీ మరి ఎక్కువగా అవసరమైనవారు మన మధ్యనే ఉన్నారు. క్యాన్సర్ వైద్యమునకు మన పల్లెల నుండి హైదరాబాదు వెళ్ళి వచ్చేవారిని మీరును ఎరుగుదురు. రోగకణములు త్వరగా పెరుగుతాయి గనుక, త్వరగా పెరిగే కణములను చంపే మందులు ఇస్తారు. వెంట్రుకల కుదుళ్ళు కూడ త్వరగా పెరిగేవే. కాబట్టి మొదటి మందు ఎక్కించిన రెండు మూడు వారములకు చాలామందికి జుట్టు రాలుతుంది. వైద్యము ముగిసిన కొన్ని నెలలకు తిరిగి వస్తుంది. ఇది అంటురోగము కాదు, శాపమూ కాదు.

మా సంఘములో ఒక సహోదరి ఈ కారణము చేతనే ఆరాధనకు రావడం మానివేసింది. మా ఇంటివారు చూడబోయినప్పుడు ఆమె అన్నమాట ఇది: "అమ్మగారూ, నెత్తి మీద కొంగు నిలుస్తలేదు. నలుగుట్ల ఎట్ల కూసోవాలె? ఇంకో సూదికి నేను పోను." జుట్టు లేని తల మీద నైలాను చీర కొంగు జారిపోతుందన్న సంగతి మాకు అప్పటివరకు తట్టలేదు. దర్జీ పనిచేసే మరొక సహోదరి ఆమె పాత నూలు చీరతోనే ఒక పట్టీ కుట్టి ఇచ్చింది. దాని మీద కొంగు నిలిచింది. తరువాతి సూదికి ఆమె ఆ పట్టీతోనే బస్సు ఎక్కింది. ఆ దర్జీ సహోదరి చెప్పిన విధమును క్రింద వ్రాస్తున్నాము.

గుడ్డ: పలుమార్లు ఉతికిన నూలు చీర, లుంగీ, పంచె అన్నిటికంటె మంచివి. నారాయణపేట, గద్వాల నూలు చీరల పాత ముక్కలు చక్కగా ఉంటాయి. క్రొత్త గుడ్డయైతే ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, గంజి పోవునట్లు ఉతికి ఆరబెట్టండి. లేనియెడల పట్టీ కుట్టిన తరువాత కుదించుకుపోతుంది. పాలిస్టరు వద్దు, చెమటను పీల్చదు.

కొలత: టేపును నుదుటి పైనుండి చెవుల వెనుకగా మెడ వరకు చుట్టి చూడండి. పెద్దవారికి సుమారు 22 అంగుళములు వస్తుంది. అందులో ముప్పావు వంతు, అనగా 16½ అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పు ముందు ముక్కకు కత్తిరించండి. వెనుక ముక్క 10 అంగుళముల పొడవు, 3 అంగుళముల వెడల్పు. ఎలాస్టిక్ ముప్పావు అంగుళము వెడల్పుది తీసుకొని, తల కొలతలో పావు వంతుకు ఒక అంగుళము కలిపి, అనగా 6½ అంగుళములు కత్తిరించండి. 20 అంగుళముల తలకైతే ముందు ముక్క 15, ఎలాస్టిక్ 6 అంగుళములు.

కుట్టు: ముందు ముక్కను మంచివైపు లోపలికి ఉండునట్లు పొడవునా మడిచి, అంచుకు అర అంగుళము వదిలి కుట్టి, గొట్టమువలె తిరగవేయండి. వెనుక ముక్కను కూడ అలాగే, పావు అంగుళము మాత్రమే వదిలి కుట్టి తిరగవేయండి. లంగాకు బొందు ఎక్కించినట్లు పిన్నీసుతో ఎలాస్టిక్‌ను అందులోకి లాగి, రెండు చివరలు కదలకుండా కుట్టండి. ముందు ముక్క చివరలను అర అంగుళము లోపలికి మడిచి, వెనుక ముక్క పట్టేటంత కుచ్చు పెట్టండి. వెనుక ముక్క చివరను అర అంగుళము అందులో దూర్చి రెండుసార్లు కుట్టండి. మిషను లేనివారు చేతితోనే ఒక కుట్టు ముందుకు, అర కుట్టు వెనుకకు వేస్తూ కుట్టవచ్చును. పెట్టుకునేటప్పుడు మడత అంచు నుదుటివైపు, కుట్టు అంచు వెనుకవైపు ఉండవలెను.

జుట్టు రాలినవారికి: చర్మము సున్నితముగా ఉంటుంది గనుక ఎలాస్టిక్ వద్దు. ముందు ముక్కను 11 అంగుళముల వెడల్పుతో కత్తిరిస్తే 5 అంగుళముల పట్టీ వస్తుంది. రెండు చివరలకు 12 అంగుళముల గుడ్డ బొందులు కుట్టితే మెడ వెనుక వదులుగా ముడి వేసుకోవచ్చును. పండుకునేటప్పుడు తీసివేయవలెను. ఎవరి పట్టీ వారిదే. రెండు కుట్టి ఇస్తే, ఒకటి ఉతికి ఎండలో ఆరవేసినప్పుడు మరొకటి పెట్టుకుంటారు. పిన్నీసు, తెగిన సూది ముక్క లోపల మిగలలేదని చేతితో నొక్కి చూచిన తరువాతనే ఇవ్వండి.

స్త్రీల సమాజము కూడుకునే ఒక మధ్యాహ్నము ఈ పనికి ఇచ్చి చూడండి. యొప్పేలో దొర్కా కుట్టిన బట్టలను విధవరాండ్రు చేతపట్టుకొని చూపించారని మనకు తెలుసు. ఆమె ఎవరికి కుట్టిందో వారి కొలత ఆమెకు తెలిసే ఉంటుంది. మీరును ముందుగా ఆ ఇంటికి వెళ్ళి, టేపు పట్టుకొని, ఏ రంగు ఇష్టమో అడగండి. జుట్టు ఎట్లా పోయింది, ఎప్పుడు వస్తుంది అని అడుగవద్దు. ఆ ప్రశ్నలు ఆమె ఇప్పటికే చాలామంది నోట విన్నది. మరుసటి సూది ఏ తారీకునో అడగండి, తోడు వెళ్ళగలిగితే వెళ్ళండి.

ప్రభువు మీ చేతిపనిని దీవించును గాక.