హెర్ట్‌జులు కాదు, గంటలు కావాలి

పోలింగ్ అన్న మాట చెవినబడితే విద్యార్థి సంఘం వాళ్ళు ఉలిక్కిపడి లేవడం సహజం. కాని నేనిక్కడ మాట్లాడబోయేది ఓట్ల పోలింగ్ గురించి కాదు, కీబోర్డు పోలింగ్ గురించి. ఈమధ్య హాస్టల్లో ఏ గది తలుపు తట్టినా ఇదే చర్చ. "నీది ఎంత హెర్ట్‌జ్?" "వెయ్యి." "గంతేనా? మా రూమ్మేటు ఎనిమిది వేలది తెప్పిచ్చిండు!" వెనకటి రోజుల్లో సైకిలుకు డైనమో వున్నవాడు లేనివాణ్ణి చూసినట్టు, ఎనిమిది వేలవాడు వెయ్యివాణ్ణి చూస్తున్నాడు.

ఎవరి సరదా వారిది, కాదనడానికి మనమెవరం? అయితే ఆ కీబోర్డు కొన్న పైసలు సిరిసిల్లలో సాంచాల దగ్గర పొద్దంతా నిలబడ్డ నాయనవో, కోరుట్లలో చాట ముందు వంగి బీడీలు చుట్టిన అమ్మవో అయినప్పుడు, డబ్బా మీద అచ్చువేసిన ఆ అంకె నిజంగా మనకేమి చేస్తుందో ఒకసారి పరీక్షించి చూడడం మన బాధ్యత అవుతుంది. చెప్పినదాన్ని నమ్మకుండా కొలిచి చూడడమే గదా సైన్సు చదువు!

మొదట ఈ పోలింగ్ అంటే ఏమిటో చూద్దాం. యూఎస్‌బీ పద్ధతిలో కీబోర్డు తనంతట తాను నోరు తెరిచి "అక్షరం వచ్చింది" అని చెప్పదు. కంప్యూటరే నిర్ణీత వ్యవధికొకసారి వచ్చి "ఏమైనా వుందా?" అని అడుగుతుంది. కరీంనగరు పోయే బస్సులో కండక్టరు "టికెట్, టికెట్" అంటూ సీటు సీటుకూ వచ్చినట్టన్న మాట. చేతిలో పైసలు పట్టుకుని కూర్చున్నా ఆయన మన సీటు దాకా వచ్చేవరకు ఆగవలసిందే. 1987లో ఐబీఎం వారు తెచ్చిన పీఎస్ 2 అనే గుండ్రటి ప్లగ్గు పద్ధతి వేరు. అక్కడ ప్రయాణికుడే గంట కొట్టి కండక్టరును పిలుస్తాడు. 1996లో యూఎస్‌బీ వచ్చి, క్రమంగా ఆ గుండ్రటి ప్లగ్గును వెనక్కు నెట్టింది.

కండక్టరు సెకండుకు ఎన్నిసార్లు వస్తాడన్నదే పోలింగ్ రేటు. మామూలు కీబోర్డుల్లో సాధారణంగా ఇది 125. అంటే 8 మిల్లీసెకండ్లకు ఒకసారి. ఒక మిల్లీసెకండు అంటే సెకండులో వెయ్యోవంతు. మీట నొక్కిన క్షణాన్ని బట్టి, దురదృష్టం బాగుంటే 8 మిల్లీసెకండ్లు, సగటున 4 మిల్లీసెకండ్లు ఆగాలి. అదే వెయ్యి హెర్ట్‌జుల కీబోర్డయితే ఎక్కువలో ఎక్కువ ఒకటి, సగటున అర మిల్లీసెకండు. రెంటికీ తేడా మూడున్నర మిల్లీసెకండ్లు. వేలు పోసి కొన్నది ఈ మూడున్నరను! ఎనిమిది వేల హెర్ట్‌జుల కీబోర్డు ఆ మిగిలిన అరను గూడా దాదాపు తుడిచేస్తుంది. దానికి బదులు కంప్యూటరు సెకండుకు ఎనిమిది వేల సార్లు వచ్చి పలకరించాలి. పాత యంత్రమైతే అది కొంత భారం కావచ్చు.

పైగా అక్షరం ప్రయాణంలో పోలింగ్ ఒక్క మజిలీ మాత్రమే. మీట కింద వున్న లోహపు రేకులు తాకగానే స్థిరంగా నిలవవు, సన్నగా ఎగిరిపడతాయి. మంచి పేరున్న మీటల్లో గూడా ఈ అదురు 5 మిల్లీసెకండ్ల దాకా వుండవచ్చు. అది సద్దుమణిగేదాకా చాలా కీబోర్డులు ఆగి చూస్తాయి. తరువాత కీబోర్డులోని చిన్న చిప్పు అడ్డవరుసలూ నిలువువరుసలూ వెతికి ఏ మీటో పోల్చుకోవాలి. ఆపైన పోలింగ్, ఆపైన ఆపరేటింగ్ సిస్టమ్, ఆపైన మనం వాడే ప్రోగ్రాము, చివరకు తెర. సెకండుకు 60 సార్లు మారే మామూలు తెర కొత్త బొమ్మ వేయడానికే 16.7 మిల్లీసెకండ్లు తీసుకుంటుంది. సిరిసిల్ల మిత్రులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. సాంచా ఎంత జోరుగా కొట్టినా పడుగు పోగు తెగితే ఆగుతుంది, కండెలు నిండి సిద్ధంగా లేకపోతే ఆగుతుంది, కరెంటు పోతే సరేసరి. ఒక్కచోట వేగం పెంచినంత మాత్రాన సాయంత్రానికి గుడ్డ పెరగదు.

ఇంకొక ముఖ్యమైన విషయం. ఈ ఆలస్యం కూడుకుంటూ పోయేది కాదు. ప్రతి అక్షరమూ నాలుగు మిల్లీసెకండ్లు ఆలస్యంగా చేరితే పది నిముషాల్లో కొట్టే అక్షరాల సంఖ్య తగ్గుతుందని చాలామంది అనుకుంటున్నారు. తగ్గదు. ఉదయం బస్సులన్నీ నాలుగేసి నిముషాలు ఆలస్యంగా వచ్చినంత మాత్రాన సాయంత్రానికి వచ్చిన బస్సుల సంఖ్య తగ్గుతుందా? వరుస మొత్తం కొంచెం వెనక్కు జరుగుతుంది, అంతే. కాబట్టి టైపు పరీక్షకు వెయ్యి హెర్ట్‌జుల కీబోర్డు కొనడమంటే రాత పరీక్షకు బంగారు పాళీ కలం కొనడం లాంటిది.

మరి మన కీబోర్డు ఎంతదో తెలుసుకోవడం ఎట్లా? ఇక్కడా కొన్ని భ్రమలున్నాయి. ఒక మీటను నొక్కిపట్టి, కొలిచే పేజీలో 30 అని కనిపించగానే "నా కీబోర్డు పాడైంది" అని బెంబేలెత్తుతారు. అది పోలింగ్ కాదు. నొక్కిపట్టిన అక్షరాన్ని మళ్ళీ మళ్ళీ వేసేది ఆపరేటింగ్ సిస్టమ్. ఆ వేగం సెకండుకు సుమారు 30 దగ్గర ఆగుతుంది. బ్రౌజరులో కొలిచే అంకెలను గూడా పూర్తిగా నమ్మరాదు. 2018లో బయటపడిన స్పెక్టర్ అనే భద్రతాలోపం తరువాత, దొంగలు సన్నటి కాలభేదాలను కొలవకుండా బ్రౌజర్ల గడియారాలను కావాలనే కొంత మొద్దుబార్చారు. లినక్స్‌లో ఎవ్‌టెస్ట్ అనే ఉచిత ప్రోగ్రాము వుంది. నాలుగు వేళ్ళతో గబగబా మీటలు కొట్టి, ఆ ప్రోగ్రాము చూపే కాలాల తేడాలు వరుసగా రాయండి. అవి ఎనిమిది, పదహారు, ఇరవైనాలుగు ఇట్లా ఎనిమిదో ఎక్కం దగ్గర గుంపుకూడితే మీది 125.

అసలు స్పందన కొలవాలంటే ఇంకా సులువైన దారి వుంది. చాలా ఫోన్లలో సెకండుకు 240 బొమ్మలు తీసే స్లోమోషన్ కెమెరా వుంటుంది. వేలూ తెరా రెండూ కనిపించేటట్టు పెట్టి తీయండి. మీట అడుగు తాకిన బొమ్మ నుంచి తెర మీద అక్షరం పుట్టిన బొమ్మ దాకా లెక్కపెట్టండి. ఒక్కో బొమ్మకు 4.2 మిల్లీసెకండ్లు. పదిసార్లు తీసి సగటు కట్టండి. ఇది డబ్బా మీద అచ్చువేసే అంకె కాదు, మన కళ్ళతో చూసిన అంకె. కొలత పూర్తయ్యాక డబ్బా మీది అంకెతో పోల్చుకుంటే, ఆ అంకె మొత్తం ప్రయాణంలో ఎంత చిన్న ముక్కో ఎవరికి వారికే తెలుస్తుంది.

కీబోర్డులన్నీ ఒక్కటేనని నేననడం లేదు. కోరుట్ల, మెట్‌పల్లి తల్లులకు తెలిసిన సంగతే చెబుతాను. కత్తెర మొద్దుబారితే ఆకు సరిగా తెగదు, పని ఆగుతుంది. అట్లాగని కత్తెర పదునయినంత మాత్రాన వెయ్యి బీడీలు పూర్తికావు. అవి వేళ్ళతో కావాలి. కీబోర్డులో మొద్దు కత్తెర లాంటి జబ్బులు రెండున్నాయి. ఒకటి, ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడడం. రేకులు అరిగిన పాత మీటల్లో ఈ జబ్బు కనిపిస్తుంది. టైపు పరీక్షలో అది తప్పుకింద జమ. రెండు, ఒకేసారి కొన్ని మీటలు నొక్కితే ఒకటి మింగేయడం. ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రకటించిన పరిశోధనలో 1,68,000 మంది కొట్టిన 13.6 కోట్ల మీటల నొక్కుళ్ళను పరిశీలించారు. వేగంగా కొట్టేవాళ్ళు ఒక మీట వదలకముందే తరువాతి మీట నొక్కుతారని అందులో తేలింది. మీట మింగే కీబోర్డు సరిగ్గా అటువంటివాళ్ళ కాళ్ళకే అడ్డం పడుతుంది. ఈ రెండు జబ్బులూ ఏ హెర్ట్‌జుల అంకెలోనూ కనిపించవు. పది నిముషాలు కూర్చుని మీట మీటా నొక్కి చూస్తే కనిపిస్తాయి.

ఇక అసలు లెక్క. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి ఇంటరు స్థాయి ఉద్యోగాలలో గుమాస్తా పోస్టులకు ఇంగ్లీషు టైపులో నిముషానికి 35 మాటలు కొట్టాలి. అంటే గంటకు 10,500 నొక్కుళ్ళు. ఒక నొక్కుకూ మరో నొక్కుకూ మధ్య 343 మిల్లీసెకండ్లు. పల్లెలో తెలుగు మీడియంలో చదివి, కాలేజీకి వచ్చాకనే కీబోర్డు ముట్టుకున్న మన మిత్రుడు మొదట్లో ఎంత కొడతాడు? ఒక్క వేలితో వెతుక్కుంటూ నిముషానికి పది మాటలనుకోండి. అతని నొక్కుళ్ళ మధ్య ఎడం 1200 మిల్లీసెకండ్లు. సాధనతో అతడు తగ్గించుకోగలిగింది 850కి పైన. కీబోర్డు మార్చి తగ్గించుకోగలిగింది మూడున్నర. ఏది కొనాలో, ఏది సంపాదించాలో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పాలి?

ఇది ఉద్యోగాల మాట మాత్రమే కాదు. ల్యాబు పరీక్షలో లైనుకు ముప్ఫై అక్షరాల చొప్పున ముప్ఫై లైన్ల ప్రోగ్రాము రాయాలంటే పది మాటలవాడికి 18 నిముషాలు పడుతుంది, ముప్ఫయ్యైదు మాటలవాడికి 5 నిముషాలు. మొదటివాడు మీసాల బ్రాకెట్ ఎక్కడుందో వెతికేలోపు రెండవవాడు తన తప్పులు దిద్దుకుంటూ వుంటాడు. తెలివిలో ఇద్దరూ సమానమే. తేడా ఎక్కడ? ఒకరి ఇంట్లో పదేళ్ళ వయసు నుంచీ కంప్యూటరు వుంది, మరొకరి ఇంట్లో లేదు. ఆ తేడాను ఏ పోలింగ్ రేటూ పూడ్చదు. కీబోర్డు ముందు గడిపిన గంటలే పూడుస్తాయి. ఆ గంటలు దొరికే చోటు అతనికి కళాశాల ల్యాబు ఒక్కటే. చాలాచోట్ల ఆ ల్యాబుకు సాయంత్రమే తాళం పడుతుంది.

తెలుగు సంగతికొస్తే ఇంకా విచిత్రం. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ వారు భారతీయ భాషలన్నిటికీ ఒకే వరుసలో ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికను ఖాయం చేశారు. అది నేడు దాదాపు ప్రతి కంప్యూటరులోనూ ఉచితంగా వుంది. అందులో జగిత్యాల అని రాయడానికి మనం పలికే అక్షరాలు నాలుగే అయినా నొక్కవలసిన మీటలు ఎనిమిది. కోరుట్లకు అక్షరాలు మూడు, మీటలు ఏడు. సిరిసిల్లకు అక్షరాలు నాలుగు, మీటలు తొమ్మిది. మన భాషకు వేళ్ళ పని ఎక్కువ. కాబట్టి అభ్యాసం ఇంకా ఎక్కువ కావాలి. అయినా వెయ్యి హెర్ట్‌జుల కీబోర్డు ముందు కూర్చుని తన వూరి పేరు తన లిపిలో కొట్టలేని పట్టభద్రులను మనం ఏటా తయారుచేస్తున్నాం.

"అన్నా, మరి గేమ్స్ సంగతేంది?" అని అడిగే తమ్ముళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. సెకండుకు 240 సార్లు మారే తెర ముందు కూర్చుని పందేలాడే ఆటగాడికి మూడున్నర మిల్లీసెకండ్లు పనికిరావని నేను పంతం పట్టను. కాని కన్ను చూసి వేలు కదలడానికే మనిషికి సుమారు 200 మిల్లీసెకండ్లు పడుతుంది. హాస్టలు వైఫైలో పింగ్ అరవై దాటితే అంతా అక్కడే పోతుంది. ముందు ఆ రెండూ చూసుకుని తరువాత కీబోర్డు జోలికి పోవడం తెలివైన పని.

అందుచేత మన విద్యార్థి సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను. మొదటిది, ప్రతి సంవత్సరం మొదటి నెలలో విద్యార్థులే ల్యాబు కీబోర్డులన్నీ తనిఖీ చేయాలి. మీట మీటా నొక్కి, రెండుసార్లు పడేవీ, మింగేవీ ఏవో కాగితం మీద రాసి, ఆ కాగితం ల్యాబు తలుపుకు అంటించాలి. ఒక ఫోనూ, ఒక ఉచిత ప్రోగ్రామూ, ఒక మధ్యాహ్నమూ చాలు. రెండవది, ల్యాబు రాత్రి ఎనిమిది దాకా తెరిచి వుంచమని అధ్యాపకులను మర్యాదగా, పట్టుదలగా అడగాలి. కాపలాకు మనిషి లేడంటే సీనియర్లు వంతులు వేసుకోవాలి. మూడవది, వారానికో గంట ఇంగ్లీషు, ఒక గంట తెలుగు టైపు అభ్యాసం పెట్టాలి. వచ్చినవాడు రానివాడి పక్కన కూర్చోవాలి.

పూర్వ విద్యార్థులు ఏటా ఏదో ఒకటి ఇవ్వాలని ముచ్చటపడతారు. వారికి గూడా నా మనవి ఇదే. మెరిసే దీపాల కీబోర్డులు వద్దు. మామూలువే ఇవ్వండి, నాలుగు ఎక్కువ ఇవ్వండి. మీట మీద తెలుగు అక్షరం అచ్చువేసినవి అయితే మరీ మంచిది.

కంప్యూటరు సెకండుకు 125 సార్లు "ఏమైనా వుందా?" అని మన వేళ్ళను అడుగుతూనే వుంది. వెయ్యిసార్లు అడిగితే సంతోషమే. అయితే జవాబు చెప్పవలసింది వేళ్ళు. వాటికి జవాబు నేర్పే గంటలు ప్రతి విద్యార్థికీ దొరికేటట్టు చూడడం సంఘం పని, అధ్యాపకుల పని, మనందరి పని.