పిలకాయలకు ఏం పుస్తకం కొనాలి?

తిరుపతి నుంచి ఒక సోదరి వ్రాశారు. ఆమె కొడుక్కు తొమ్మిదేళ్లు, ఇంగ్లీషు బడిలో నాలుగో తరగతి. పుట్టినరోజుకని దళసరి అట్ట నీతికథల పుస్తకం కొనిపెడితే రెండో పుట దాటలేదట. అంతకంటె కష్టపెట్టిన సంగతి ఉత్తరం చివర ఉంది. వాళ్ల అవ్వ కథ మొదలుపెడితే, "అవ్వ మాట్లాడేది తప్పు తెలుగు" అని లేచిపోతున్నాడట. పాపం, ఆమె కథలు చెప్పడమే మానుకొన్నారు.

ముందు ఈ రెండోదాని సంగతి చూద్దాం. దీనికి మందు మీ ఊరి పక్కనే ఉందమ్మా! తిరుపతి దగ్గరి మిట్టూరువారు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు. ఆయన 'పచ్చనాకు సాక్షిగా' వ్రాసింది అచ్చంగా మీ అత్తగారి మాటల్లోనే. తన చిన్నతనాన్ని, కన్నతల్లిని అందులో పెట్టారు. ఒక్కో కథ మీరు పైకి చదవండి. తెలియని మాట వస్తే అర్థం చెప్పకండి, అవ్వను అడిగి రమ్మనండి. తప్పనుకొన్న మాట అచ్చులో కనిపిస్తే వాడి ముఖం ఎలా ఉంటుందో నాకూ చూడాలని ఉంది. ఒకటి మాత్రం చెప్పాలి. పల్లె బతుకును ఉన్నదున్నట్టు వ్రాశారు గనుక తిట్లుంటాయి, కడుపు తరుక్కుపోయే చోట్లుంటాయి. ముందు మీరు చదివి, ఏరి వినిపించండి.

ఇక వాడంతట వాడు చదువుకొనేందుకు పాత 'చందమామ'లు వెతకండి. 1947 జులైలో పుట్టిన ఆ పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది గాని, పాత సంచికలు ఇంకా దొరుకుతున్నాయి. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావుగారి చేతిమీదుగా వచ్చినవైతే మరీ మంచిది. చిన్న వాక్యాలు, తిన్నగా నడిచే కథ, పుటపుటకూ బొమ్మ. అక్షరం కూడబలుక్కొనే పిల్లవాడికి ఇంకేం కావాలి?

ఏ పుస్తకమైనా కొనేముందు మధ్యలో ఒక పుట తెరిచి వాణ్ణే చదవమనండి. నాలుగైదు మాటలకు మించి తడబడితే అది ఇప్పటికి వద్దు. నచ్చకపోతే సగంలో వదిలేయనివ్వండి. చదివిందే పదిసార్లు చదివినా ఊరుకోండి.

మరో ఏడాదికి 'రైలుబడి' ఇవ్వండి. జపానులో తెత్సుకో కురోయానగి 1981లో అచ్చువేసిన తన బడి కథకు తెలుగు అది. మొదటి బడివాళ్లు పంపేసిన పిల్ల, పాత రైలుపెట్టెల్లో నడిచే బడికి చేరుతుంది. పరీక్షల భయం ఉన్న ఇంట్లో పెద్దలు కూడా చదవవలసిందే.

అన్నట్టు, కథ ముగియగానే "ఇందులో నీతేమిట్రా?" అని అడగొద్దని మీవారితో కూడా చెప్పండి.