బడి ఫీజూ, పొలం మదుపూ జూన్‌లోనే

“ఊళ్లో సర్కారు బడి ఉండగా పిల్లల్ని నర్సీపట్నం కాన్వెంటుకు పంపడం ఎందుకు, డబ్బు ఎక్కువై కాకపోతే!” అని సన్నకారు రైతును తప్పుపట్టే పెద్దలు చాలామంది ఉన్నారు. ఎకరన్నర పొలమున్న వాడికి డబ్బు ఎక్కడ ఎక్కువవుతుంది? పిల్లవాణ్ణి ప్రైవేటు బడిలో చేర్పించిన తండ్రిగా నా కారణాలు నేను చెబుతాను. దాంతోపాటు సాటి రైతులు వేసుకోవలసిన లెక్క కూడా చెబుతాను.

మొదటి కారణం ఇంగ్లీషు కాదు, పంతులు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉంటే చాలు. తరగతులు మాత్రం ఐదు. అంటే ఒక మాస్టారు రెండు మూడు తరగతుల్ని కలిపి కూర్చోబెట్టాలి. ఆయన ఎంత బాగా చెప్పేవారైనా, ఒక తరగతికి లెక్కలు చెబుతుంటే మిగతావాళ్లు గోడలు చూడాల్సిందే. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టారా, ఆ రోజు చదువు సగానికి సగం పోయినట్టే. కాన్వెంటులో పాఠం ఎలా ఉన్నా తరగతికో టీచరు కనబడతారు.

రెండో కారణం వ్యాను. నాట్లు, కలుపుల రోజుల్లో ఆలుమగలిద్దరం తెల్లారకముందే పొలానికి పోతాం. వ్యాను వచ్చి పిల్లల్ని తీసుకెళ్తే ఒకరి పూట కూలి మిగులుతుంది. మూడోది, ఫీజు కట్టినవాడు “మావాడికి ఎక్కాలు ఎందుకు రావడం లేదు?” అని గట్టిగా అడగగలడు. సర్కారు బడిలో అలా అడగడానికి మనకు నోరు రాదు.

వీటన్నిటి వెనకా ఒక భయం ఉంది. తాండవ, ఏటికొప్పాక చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వాటిని నమ్ముకుని చెరుకు వేసిన కుటుంబాలు ఎన్నో. మన తర్వాత పిల్లడు ఈ మడి మీదే బతుకుతాడని చెప్పే ధైర్యం ఎవరికుంది? అందుకే చదువు మీద పెడుతున్నాం.

ఇక లెక్క చూద్దాం. ఫీజు జూన్‌లో కట్టమంటారు. దుక్కికి, విత్తనానికి, ఎరువుకు డబ్బు కావలసిందీ అప్పుడే. 20 వేల ఫీజు కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, ధాన్యం అమ్మి జనవరిలో తీర్చితే ఏడు నెలలకు 2,800 రూపాయలు వడ్డీకే పోతుంది. 2025లో మొదలైన ‘తల్లికి వందనం’ కింద బడి సర్కారుదైనా ప్రైవేటుదైనా తల్లి ఖాతాలో 13 వేలు పడుతున్నాయి. కానీ వ్యాను, పుస్తకాలు, బట్టలు, బూట్లు వేరే. సర్కారు బడిలో పుస్తకాలు, బట్టలు, బూట్లు, మధ్యాహ్న భోజనం అన్నీ ఉచితం.

ఇంత పెట్టినందుకు చదువు ఎక్కువ వస్తోందా? 2008లో మొదలుపెట్టి నాలుగేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో ఇదే పరీక్షించారు. సర్కారు బడి పిల్లల్లో కొందరిని లాటరీలో ఎంపిక చేసి, ఫీజు తామే కట్టి ప్రైవేటుకు పంపారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో ఈ పిల్లలకూ సర్కారు బడిలోనే ఉండిపోయిన వాళ్లకూ తేడా కనబడలేదు. హిందీ మాత్రం బాగా ఎక్కువ వచ్చింది. అయితే ఒక్కో పిల్లవాడి మీద ప్రైవేటు బడికి అయిన ఖర్చు సర్కారుకయ్యే దాంట్లో మూడో వంతు కంటే తక్కువే. అంటే సర్కారు పెడుతున్న డబ్బు తక్కువేమీ కాదు, అది తరగతి గదిలోకి సరిగా చేరడం లేదు.

అందుకని సాటి రైతులకు ఒక మాట. విత్తనం కొనేటప్పుడు సంచీ మీద బొమ్మ చూసి కొనం, మొలక శాతం చూస్తాం. బడి విషయంలోనూ అంతే. ఫీజు కట్టే ముందు ఆ బడిలో మూడో తరగతి పిల్లవాడి చేత రెండో తరగతి తెలుగు వాచకం చదివించి, ఒక తీసివేత లెక్క చేయించి చూడండి. ఊరి బడిలోనూ అలాగే చూడండి. తేడా లేకపోతే అప్పు చేయకండి. ప్రైవేటు బడి ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద, బలహీన వర్గాల పిల్లలకు కేటాయించాలని చట్టం ఉంది. అర్హత ఉంటే దరఖాస్తు పెట్టండి.

ఇక పాలకులకు. 2025లో తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రాథమిక పాఠశాలలు పెట్టారు. మేలైన పని. కానీ ఆ ఏర్పాటు రోడ్డు పక్క ఊళ్లతో ఆగిపోకూడదు. గొలుగొండ, నాతవరం, రోలుగుంట మండలాల్లో మారుమూల ఊళ్లకూ అందాలి. మనమూ ఊరుకోకూడదు. బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టమే చెబుతోంది. కాన్వెంటులో డబ్బు కట్టి అడిగే ప్రశ్నను ఇక్కడ హక్కుగా అడగవచ్చు. తరగతికో పంతులు ఊళ్లోనే దొరికిన నాడు, జూన్‌లో వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కాల్సిన పని సగం తప్పుతుంది.