సైట్‌కు పోయిన రైతు మన లెక్కలో లేడు

పోయిన ఎండాకాలం ఒక రాత్రి పదిన్నరకు నాకు ఫోన్ వచ్చింది. చేసింది మన సంఘం సభ్యుడే, నారాయణపేట వైపు కౌలు రైతు. పత్తి దెబ్బతిని, వేసిన రెండు బోర్లూ ఎండిపోయి, సంక్రాంతి దాటగానే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని సెంట్రింగ్ పనికి పుణె పోయాడు. "అన్నా, కౌలు కార్డు సంగతి ఏమైంది?" అని అడిగాడు. చెప్పాల్సిందంతా చెప్పాను. తహసీల్దారు ఏమన్నాడో, నెలాఖరున ధర్నా ఎక్కడో కూడా చెప్పాను. "సరే అన్నా" అన్నాడు గానీ ఫోన్ పెట్టేయలేదు. కాసేపు చూసి నేనే పెట్టేశాను.

ఆ రాత్రి ఆయన చనిపోవాలనుకున్నాడని మూడు రోజుల తర్వాత తెలిసింది. పక్క రేకుల షెడ్డులో ఉండే రాడ్ బెండింగ్ పనివాడు, మనిషి అన్నం ముట్టకుండా చీకట్లో కూర్చున్నాడని గమనించి, తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాడట. వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. తర్వాత ఊరివాళ్ళు వెళ్ళి తీసుకొచ్చారు. ఇప్పుడు బాగున్నాడు, మళ్ళీ సాగు చేస్తున్నాడు. ఆయనను అడిగే ఇది రాస్తున్నాను. ఊరొచ్చాక నాతో అన్న మాట ఒకటే: "నువ్వెట్లున్నవ్ అని అడుగుతవేమో అని చూసిన అన్నా."

ఇరవై ఏళ్ళుగా రైతు ఆత్మహత్యల మీద కరపత్రాలు రాస్తున్నాను. ఆ రాత్రి నాకు ఆ ప్రశ్న తోచలేదు.

లెక్కలు చూద్దాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2021 నివేదిక ప్రకారం దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారు 1,64,033 మంది. అందులో వ్యవసాయ రంగం కింద చూపింది 10,881. రైతులు 5,318, వ్యవసాయ కూలీలు 5,563. ఈ సంఖ్య మీద మనం ఏటా ప్రకటన ఇస్తాం, తక్కువ చేసి చూపారని విమర్శిస్తాం. విమర్శ న్యాయమైనదే. కానీ అదే నివేదికలో "రోజు కూలీలు" అనే గడి ఉంది. వ్యవసాయ కూలీలు ఇందులో కలవరు. 2014లో ఆ గడిలో 15,735 మంది ఉంటే, 2021లో 42,004 మంది ఉన్నారు. దేశంలో ప్రతి నాలుగు ఆత్మహత్యల్లో ఒకటి అక్కడ ఉంది. వాళ్ళంతా భవన నిర్మాణ కూలీలని నేననడం లేదు. హమాలీలు, అడ్డా మీద నిలబడి దొరికిన పని చేసేవాళ్ళు, ఇంకా ఎందరో ఉంటారు. అయితే ఎకరం, రెండెకరాలు పెట్టుకుని ఏడాదిలో ఐదారు నెలలు సైట్ల మీద బతికే మనిషి అక్కడ చనిపోతే, పోలీసు కాగితంలో అతని వృత్తి ఏమని రాస్తారు? కూలీ అనే. అప్పు సేద్యానిది, చావు మాత్రం కూలీ పద్దులో పడుతుంది. కారణం దగ్గర తాగుడనో, కుటుంబ కలహాలనో రాసి ముగిస్తారు.

పాలమూరు జనానికి ఇది కొత్త కాదు. దేశంలో ప్రాజెక్టులు ఎక్కడ కడుతున్నా మన గుంపులు పోయాయి. ఇటు శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు చెన్నై పోతారు. 2014 జూన్‌లో అక్కడి మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, ఆ జిల్లాల ఊళ్ళకు ఎన్ని శవాలు వచ్చాయో చూశాం. భవనం కూలితే పత్రికలు వస్తాయి, మంత్రులు వస్తారు. రేకుల షెడ్డులో ఒక మనిషి లోలోపల కూలిపోతుంటే పక్క మంచం వాడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ బతుకు ఎలా ఉంటుందో పోయినవాళ్ళకు తెలుసు. మేస్త్రీ వారానికోసారి ఖర్చులకు మాత్రం ఇస్తాడు. అసలు లెక్క పని అయిపోయాక. అప్పటికి అడ్వాన్సు, తిండి, మధ్యలో జ్వరం వచ్చి మానేసిన రోజులు అన్నీ పోగా చేతికొచ్చేది ఎంతో మేస్త్రీకే తెలియాలి. ఇక్కడ నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఇంటి దగ్గర భార్య పేరున తీసుకున్న అప్పుకు వారం వారం కిస్తీ కట్టాలి. ఫోన్‌లో మాత్రం ఇద్దరూ "బాగానే ఉన్నాం" అనే చెప్పుకుంటారు. ఊళ్ళో అయితే దిగాలుగా కూర్చుంటే పిన్నమ్మో, పక్క చేను వాడో "ఏమైంద్రా" అంటాడు. సైట్ మీద అడిగే దిక్కుండదు. సాయంత్రమైతే మందు సీసా ఒకటి ఉంటుంది. అది ఆ పూట నిద్రపుచ్చుతుంది గానీ, మనిషిని ఇంకా కుంగదీస్తుంది.

మన సంఘంలోనే ఒక వాదన ఉంది. ఇది ఆర్థిక సమస్య, దీన్ని మనసు సమస్యగా మార్చి కౌన్సెలింగ్ అంటే ప్రభుత్వం తప్పించుకుంటుంది అని. నేనూ సభల్లో ఇదే మాట్లాడాను. అప్పు, కూలి, కౌలు హక్కు కోసం పోరాటం ఆగకూడదు. అడ్వాన్సు పేరుతో మనిషిని సైట్ విడిచి పోనివ్వకపోతే 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఉంది, దాన్ని వాడాలి. అయితే రుణమాఫీ వచ్చేదాకా ఆ మనిషి బతికుండాలి కదా. రాత్రి పదిన్నరకు ఫోన్ చేసినవాడికి నా విశ్లేషణ పనికి రాలేదు, పక్కన కూర్చున్న పరాయి రాష్ట్రం కూలీ పనికొచ్చాడు. చావు తర్వాత పరిహారం కోసం విచారణ కమిటీ వస్తుంది, మనమూ దాని వెంట తిరుగుతాం. బతికుండగా ఏ కమిటీ రాదు.

నిర్మాణ కార్మికుల పేరున డబ్బు లేక కాదు. 1996 చట్టంతో కట్టడాల ఖర్చు మీద 1 శాతం సెస్ వసూలు మొదలైంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు నాటికి దేశవ్యాప్తంగా వసూలైంది 37,000 కోట్లు దాటితే, ఖర్చయింది 9,500 కోట్ల దగ్గర. ఆ డబ్బుతో కూలీలకు లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషిన్లు కొన్నామని కూడా కోర్టులో లెక్క వచ్చింది! షెడ్డులో నీళ్ళు లేనివాడికి వాషింగ్ మెషిన్. ఆ డబ్బులోంచి పెద్ద సైట్లకు వారానికో రోజు మనసు విని మాట్లాడే మనిషిని పంపమని మనం ఎందుకు అడగకూడదు? బోర్డులో నమోదుకు ఏడాదిలో 90 రోజుల నిర్మాణ పని ఉంటే చాలు. మన సభ్యుల్లో చాలామందికి ఆ అర్హత ఉంది. "మేం రైతులం" అని నమోదు చేసుకోరు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో 2008 నుంచి "మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్" అని ఒకటి నడుస్తోంది. నిర్మాణ కార్మికుల్లో ఆత్మహత్యలు చూసి మొదలుపెట్టారు. డాక్టర్ల కోసం కూర్చోకుండా, సైట్ మీద ఉన్నవాళ్ళకే తోటివాడిలో తేడా గుర్తుపట్టడం, అడగడం, సాయం దగ్గరకు చేర్చడం నేర్పుతారు. మన రాడ్ బెండింగ్ మిత్రుడు ఎవరూ నేర్పకుండానే ఆ పని చేశాడు.

అడగడానికి భయం వద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. దాచుకున్నది బయటికొస్తుంది. ఫోన్ ఎత్తడం మానేసినా, "నేను లేకుంటే మీకే నయం" లాంటి మాట అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబర్ నుంచి ఉంది. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఒకవేళ ప్రయత్నం చేసి బతికితే, కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకుపోకుండా ఉండొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత.

ఇక సంఘం చేయాల్సిన పని. పంటలు అయిపోయి గుంపులు బయలుదేరకముందే ప్రతి గ్రామ శాఖ ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఎవరు, ఏ ఊరు పోతున్నారు, మేస్త్రీ ఎవరు, ఎంత అడ్వాన్సు, ఇంటి నంబరు, పక్కన ఉండేవాళ్ళ నంబరు. వారానికోసారి ఒకరు ఫోన్ చేయాలి. ముందు మనిషి సంగతి అడగాలి, ధర్నా సంగతి తర్వాత. మేస్త్రీలను కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి, వాళ్ళూ మన ఊళ్ళ వాళ్ళే.

మా మండలంలో పుస్తకం మొదలైంది. నాకు ఫోన్ చేసిన ఆ సభ్యుడు ఈసారి కూడా పత్తి తీశాక పోతానంటున్నాడు, అప్పు ఇంకా అలాగే ఉంది. మొదటి పేరు ఆయనదే రాసుకున్నాం. ఆదివారం రాత్రి ఫోన్ చేసే పని నాది.