చార్టు ఆడపిల్లకి, స్క్రూడ్రైవర్ మగపిల్లాడికా?



ఈసారి కాస్త కటువుగానే రాస్తున్నాం. నచ్చనివాళ్ళు చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

ఈమధ్య ఒక బడిలో సైన్సు ప్రదర్శనకి వెళ్ళాం. బల్ల మీద నల్లగీత వెంట నడిచే చిన్న రోబో బండి. పక్కన ఇద్దరు ఆడపిల్లలు చార్టు పట్టుకుని గడగడా వివరిస్తున్నారు. మధ్యలో బండి ఆగిపోయింది. మగపిల్లలు వచ్చి, మూత విప్పి, వైరు సరిచేశారు. ఆడపిల్లలు పక్కకి జరిగి నిలబడ్డారు. "నువ్వే విప్పి చూడొచ్చు కదమ్మా?" అంటే, "మమ్మల్ని ముట్టుకోనివ్వరు తాతగారూ, పాడైపోతుందంటారు" అంది ఒక పిల్ల.

మాకు ఒళ్ళు మండింది. ఏదీ పాడుచేయకుండా పని నేర్చుకున్నవాడు ఎవడండీ? రైల్వేలో ఇన్నేళ్ళు గుమాస్తా పని చేశాం, మొదటిరోజే చెయ్యి తిరిగిన ఫిట్టర్ని చూడలేదు.

"మా అమ్మాయిని బీటెక్ చదివిస్తున్నాంగా" అంటారు. సీటు ఇప్పిస్తున్నారు సరే, పనిముట్టు ఎప్పుడిచ్చారు?

అయ్యలసోమయాజుల లలిత గారి సంగతి వినండి. మద్రాసులో పుట్టిన తెలుగింటి ఆడపడుచు. 15వ ఏట పెళ్ళి, 18వ ఏట భర్త పోయారు, ఒళ్ళో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. కూతుర్ని అక్కడే చేర్పించారు. 1940లలో ఆవిడ జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది పాటు పని నేర్చుకుని, మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు. ఆ రోజుల్లో రైల్వే వర్క్‌షాపు ఇచ్చిన అవకాశం ఈ రోజు మన బడి ఇవ్వలేదా?

పాడైతే ఏమవుతుంది? 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు పనిచేసిన ఆజాదీశాట్ 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి లేచింది. రాకెట్టు సరైన కక్ష్యలో పెట్టలేకపోయింది. అంతటితో మానేశారా? 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 కక్ష్యకి చేరింది. ఉపగ్రహం పోతేనే మళ్ళీ చేశారు, బొమ్మబండి మోటారు కాలితే కొంపలు మునుగుతాయా?

ఇంగ్లీషు రాదంటారా? మేం చదివింది తమిళ మీడియం. ఫైళ్ళ ఇంగ్లీషు ఉద్యోగంలో చేరాకే వచ్చింది. ప్లస్సూ మైనస్సూ ఏ భాషలోనైనా ఒకటే.

డబ్బంటారా? ఒక ఆర్డునో బోర్డు, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సారు, ఒక బజరు కలిపి పుట్టినరోజు కేకు ఖరీదు దాటవు. 2022 జూలైలో గోదావరి మన వీధుల్లోకి వచ్చింది గుర్తుందా? ఆ సెన్సారు నీటి మీదకి శబ్దం పంపి, తిరిగొచ్చిన సమయాన్నిబట్టి దూరం చెబుతుంది. నీరు పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది, గీత దాటగానే బజరు మోగుతుంది. మన ఊరికి పనికొచ్చే ఈ పని ఎనిమిదో తరగతి పిల్ల చేయగలదు, చేతికిస్తే.

మేం అడిగేది మూడే. బడులవాళ్ళు కిట్ల బీరువా తాళం తియ్యండి. ప్రతి జట్టులో విప్పడం, బిగించడం ఆడపిల్లల చేత కూడా చేయించండి. ఊళ్ళో ఎలక్ట్రీషియన్లు, టీవీ మెకానిక్కులు ఆదివారం ఒక గంట మా సంఘానికి ఇవ్వండి, పిల్లల్ని మేం పోగుచేస్తాం. కాలిపోయిన సామాను ఖర్చు మాది.

ఆ పిల్ల మళ్ళీ కనబడితే "ఇదిగోనమ్మా, విప్పు" అనాలి. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి.