మ్యాటు మీద పులి, గడ్డి మీద పిల్లి

ముందే చెప్పేస్తున్నా, నేను గొప్ప ఆటగాణ్ణేం కాదు. డాలస్ దగ్గర ఒక మున్సిపల్ కోర్సులో తొమ్మిదేళ్ళుగా శనివారం పొద్దున్నే ఆడుతున్నాను. వంద లోపు స్కోరు వస్తే ఆ రోజు ఇంట్లో అంట్లు నేనే తోముతా, అంత సంతోషం. అలాంటివాడు స్వింగు గురించి రాయడమేంటంటారా? బాగా ఆడేవాళ్ళు చెప్పినవన్నీ వినే నేను పాడయ్యాను, అందుకని.

2022 చివర్లో నా ఐరన్లు చచ్చిపోయాయి. ఒక దెబ్బకి క్లబ్బు బంతికి వెనకాల నేలలో దిగబడి, అరచేతి మందాన మట్టి లేచేది, బంతి మాత్రం నలభై గజాల దగ్గర కూలబడేది. మరుసటి దెబ్బకి బంతి నడుం మీద తగిలి, మోకాలెత్తున దూసుకెళ్ళి గ్రీను అవతల పొదల్లో పడేది. మొదటిదాన్ని ఫ్యాట్ అంటారు, రెండోదాన్ని థిన్ అంటారు. రెండూ పూర్తిగా వేరే జబ్బులనుకున్నాను. ఫ్యాట్‌కి ఒక వీడియో, థిన్‌కి ఇంకో వీడియో. ఒకడు తల కదపకు అంటాడు, ఇంకొకడు తల కదిలితే తప్పేం లేదంటాడు. మణికట్టు ఇలా, మోచెయ్యి అలా, గ్రిప్పు ఇంకోలా. ఆఫీసులో ఎవడైనా ఒకే చెకినులో ఏడు ఫైళ్ళు మార్చి "ఏది పనిచేసిందో తెలీదు" అంటే రివ్యూలో పీకి పందిరేస్తాను. రేంజిలో నేను చేస్తున్నది అచ్చంగా అదే.

అది చాలదన్నట్టు కొత్త ఐరన్ల సెట్టు కూడా కొన్నాను. దూరం పది గజాలు పెరిగిందని షాపువాడు తెర మీద చూపించాడు. పెరగదూ మరి! కొత్త సెవెన్ ఐరన్ లాఫ్టు ముప్ఫై డిగ్రీలకన్నా తక్కువ. నా పాత సెట్టులో అది దాదాపు సిక్స్ ఐరన్ కింద లెక్క. అడుగున నంబరు మారింది, నేను మారలేదు.

అసలు గమ్మత్తు రేంజిలో ఉంది. అక్కడ ప్లాస్టిక్ గడ్డి మ్యాటు మీద నేను పులిని. కోర్సుకొస్తే పిల్లిని. ఇదంతా మనసులో భయమేనని రెండు నెలలు నమ్మాను. తీరా చూస్తే సంగతి చాలా చిన్నది. మ్యాటు కింద గట్టి నేల ఉంటుంది. బంతికి రెండంగుళాలు వెనక కొట్టినా క్లబ్బు దిగబడదు, జారి వచ్చి బంతికి తగులుతుంది. షాటు బానే పోయినట్టుంటుంది. నిజం గడ్డి మీద ఆ రెండంగుళాలకే క్లబ్బు భూమిలో ఇరుక్కుంటుంది. టెస్టు సర్వరులో ఎర్రర్లన్నీ మింగేసే కోడుంటే ప్రొడక్షన్‌లో ఏమౌతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు కదా. పైగా మ్యాటు దెబ్బకి మోచెయ్యి నొప్పి ఫ్రీ :)

చివరికి పౌరుషం చంపుకుని ఒక టీచరు దగ్గరకెళ్ళాను. ఆవిడ నా స్వింగు చూడనే లేదు మొదట. గడ్డి మీద తెల్ల రంగుతో ఒక గీత గీసి, బంతి లేకుండా ఇరవైసార్లు ఊపి, గీతకి ముందు, అంటే బంతి వెళ్ళాల్సిన వైపు, గడ్డి గోకమన్నారు. నా గుర్తులన్నీ గీతకి వెనకే. కొన్నైతే జానెడు వెనక.

అప్పుడు అర్థమైంది. క్లబ్బు తిరిగే వంపులో అన్నిటికన్నా కిందకి దిగే చోటు ఒకటుంటుంది. మంచి ఆటగాళ్ళకి ఐరన్‌తో అది బంతి దాటాక మూడు నాలుగంగుళాల అవతల ఉంటుంది. ముందు బంతి, తర్వాత మట్టి. నాకు అది బంతికి ఇవతలే ఉంది. అక్కడ నేల తగిలితే ఫ్యాట్, నేల తప్పించుకుని పైకి లేస్తూ బంతికి తగిలితే థిన్. రెండు టికెట్లు, ఒకటే బగ్గు.

బగ్గు ఎక్కణ్ణించొచ్చిందంటే, నా అనుమానం, మన గల్లీ క్రికెట్ నుంచి. టెన్నిస్ బంతితో మేడ మీదకి లేపి కొట్టడం నేర్చుకున్న ఒళ్ళిది. బంతి కిందకి దూరి, వెనక కాలి మీద వాలి, పైకి ఎత్తుతాం. ఐరన్‌కి ఆ ఎత్తే పని క్లబ్బు వాలే చేసిపెడుతుంది, మనం వెనక్కి వాలితే అడుగు భాగం కూడా మనతో వెనక్కొచ్చేస్తుంది. దానికి తోడు డ్రైవరు వీడియోలు. డ్రైవరుతో బంతి టీ మీద ఉంటుంది, పైకి లేస్తూ కొట్టడం అక్కడ ఒప్పు. ఆ సలహా తెచ్చి ఐరన్‌కి పెడితే ఇంతే సంగతులు.

ఆరు వారాలు ఒకటే పని ఇచ్చారావిడ. సగం ఊపు, కొట్టడం అయ్యేసరికి బరువంతా ఎడమ కాలి మీద, కుడి కాలు ఎత్తగలిగేంతగా. గీత ముందు గడ్డి. ఇంకేమీ మార్చొద్దు, వీడియోలు వద్దు.

దీనికి మా వాళ్ళలో ఒకాయన ఎదురు వాదన పెట్టాడు. "టైగర్ వుడ్స్ 1997లో మాస్టర్స్ పన్నెండు స్ట్రోకుల తేడాతో గెలిచి కూడా స్వింగు మొత్తం మార్చుకున్నాడు కదండీ, మనమెందుకు మార్చకూడదు?" నిజమే. కానీ ఆయన పక్కన కోచు ఉన్నాడు, రోజంతా అదే పని, అయినా 1998లో పీజీఏ టూరులో ఒక్కటే గెలిచాడు. మనది వారానికి ఒక బకెట్ బంతుల యవ్వారం. నన్నడిగితే మనకి జిమ్ ఫ్యూరిక్ నయం. ఆ స్వింగు చూడ్డానికి అష్టవంకర్లు, కానీ బంతి దగ్గరకి ప్రతిసారీ ఒకేలా వస్తుంది. 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో పీజీఏ టూరులోనే మొట్టమొదటి 58 కొట్టాడు. అందం గురించి ఎవరూ మార్కులెయ్యలేదు.

ఇంత ఆవేశం దేనికంటే, ఇంకో సంగతుంది. ఐరన్లు పాడైన ఆ నాలుగు నెలలూ సిగ్గేసి శనివారాలు ఎగ్గొట్టాను. "రిలీజుంది రా" అని మా పాత రూమ్మేటుకి మెసేజి పెట్టడం, ఒక్కణ్ణే రేంజికెళ్ళి మ్యాటు బాదడం. 2023 ఫిబ్రవరిలో వాడి ఉద్యోగం పోయింది. హెచ్‌వన్ మీద ఉన్నాడు, అరవై రోజులే గడువు. నాకు తెలిసేసరికి నలభై రోజులైపోయాయి, అదీ వేరేవాళ్ళ ద్వారా. మేం ఫోన్లలో కష్టాలు చెప్పుకునే రకం కాదు. మూడో హోలు దాటాక నడుస్తూ చెప్పుకుంటాం, అంతే.

"నాకెందుకు చెప్పలేదురా?" అంటే, "నువ్వు బిజీ అన్నావుగా" అన్నాడు. ఇంకేం మాట్లాడను?

యాభై రెండో రోజున వాడికి ఇంకోచోట దొరికింది. నేను చేసిందేమీ లేదు, రెజ్యుమే నాలుగు చోట్లకి పంపానంతే.

మొన్న శనివారం ఎనిమిదో హోలు, నూట నలభై గజాలు, సెవెన్ ఐరన్. బంతి తర్వాతే మట్టి లేచింది, చక్కగా డాలరు నోటంత. బంతి వెళ్ళి బంకర్లో పడింది. "సౌండు బావుందిరా" అన్నాడు వాడు, మట్టి పెళ్ళ తెచ్చి గుంటలో పెడుతూ.