ప్లేటుకు రెండోవైపు

గోదావరి జిల్లాల్లో పాత పాటల పిచ్చి ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే కబుర్లు ఘంటసాలతో మొదలవుతాయి. కాసేపటికి లీల, భానుమతి వచ్చి చేరతారు. రెండో కాఫీ వేళకి సంభాషణ ఇంకా వెనక్కి నడుస్తుంది... సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి కలిసి పాడిన గ్రామఫోన్ ప్లేట్ల దాకా. అక్కడికి చేరాక ఇక రాజీ లేదు.

"'కోపమేల రాధ' ముందు ఏదైనా దిగదుడుపే బావగారూ!"

"ఆయ్... అక్కడే మీతో పేచీ. పదిమందికీ తెలిసిందే గొప్పదని ఎవరన్నారండీ? ఆ ప్లేటుకి రెండోవైపు ఏముందో చెప్పండి చూద్దాం."

"అబ్బే, ఎవరికి గుర్తండీ?"

"అదీ సంగతి. వినకుండానే తీర్పు చెప్పేస్తారు మీరు!"

ఈ బావగార్ల పేర్లు అడక్కండి. రాజమండ్రిలో ఒక జత ఉంటుంది, భీమవరంలో ఒక జత ఉంటుంది, కాకినాడలో అయితే వీధికో జత. ఈ తగువు మాత్రం ఒక్కటే. పేరున్న పాటలు నిజంగా గొప్పవా, లేక పేరు రాని పాటల్లోనే అసలు సరుకు ఉందా?

ఈ తరం పిల్లలకి ముందు ఆ జంట ఎవరో చెప్పాలి. రాజేశ్వరరావు 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు. కుర్రాడు పదమూడేళ్లకే 'శ్రీకృష్ణలీలలు' (1935)లో కృష్ణుడయ్యాడు. కంసుడిగా వేమూరి గగ్గయ్య గర్జిస్తుంటే ఎదురుగా ఈ పిల్లవాడి గొంతు! బాలసరస్వతి 1928లో పుట్టారు. ఆరేళ్లకే ఆమె పాట ప్లేటుకెక్కింది. మన కాకినాడ సి.పుల్లయ్యగారు పిల్లలతో తీసిన 'సతీ అనసూయ' (1936)లో గంగ వేషం వేసింది ఆవిడే.

ఇద్దరూ కలిసింది గూడవల్లి రామబ్రహ్మం 'ఇల్లాలు' (1940)లో. కాంచనమాల నటించిన ఆ సినిమాకి సంగీతం రాజేశ్వరరావే. తెరమీద కనిపించి పాడిందీ వీళ్లే. అప్పటికి ఆయనకి పద్దెనిమిది, ఆవిడకి పన్నెండు! ఇవాళ టీవీ పాటల పోటీల్లో నిలబడే పిల్లల వయసన్నమాట. ఆ రోజుల్లోనే సినిమాతో సంబంధం లేకుండా విడిగా పాడిన పాటలు ప్లేట్లుగా వచ్చాయి. 'కోపమేల రాధ', 'రావే రావే కోకిల' ఇంటింటా మోగాయి. వాటిని ఆ కాలపు పాప్ సంగీతం అంటే పెద్దలు కోప్పడతారేమో గానీ, పని మాత్రం అదే చేశాయి. ఊళ్లో కుర్రకారు కూనిరాగాలు మార్చేశాయి.

అప్పటిదాకా గోదావరి తీరాన మోత అంతా పద్యానిదే. హార్మోనియం మీద ఎత్తుగడ, చివర రాగం, 'వన్స్ మోర్' కేకలు. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం ప్లేటు మీద వింటూ మీసం దువ్వుకున్నవాళ్లకి ఈ జంట పాట మొదట్లో చప్పగా అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. నాటకంలో ఆఖరి వరసలో చాపమీద కూర్చున్నవాడికి కూడా వినబడేలా పాడాలి. వీళ్లకి ఆ బెంగ లేదు. 1925 తరవాత రికార్డింగుకి మైకు వచ్చింది. అంతకుముందు పాటగాడు కొమ్ములోకి అరవాల్సిందే, వాద్యాలవాళ్లు దూరంగా నిలబడాల్సిందే. మైకు వచ్చాక చెవిలో చెప్పినట్టు పాడినా సరిపోయింది. కలకత్తా న్యూ థియేటర్స్‌లో సైగల్, పంకజ్ మల్లిక్ ఆ రుచి దేశానికి చూపించారు. కొన్నాళ్లు కలకత్తాలో ఉండి వచ్చిన రాజేశ్వరరావు దాన్ని తెలుగులోకి తెచ్చారు. లలిత సంగీతం అనే మాటకి ప్రాణం పోసిన వాటిలో ఈ ప్లేట్లు ముందుంటాయి. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో మద్రాసు రేడియోలో చేరి పెంచిన తోట కూడా ఈ నేలమీదిదే.

సరే, మళ్లీ తగువులోకి వద్దాం.

మొదటి పేచీ లెక్క దగ్గరే. జంట పాటలంటూ జనం చెప్పుకునేవాటిలో చాలా వాటిని నిజానికి రాజేశ్వరరావు ఒక్కరే పాడారు. 'చల్లగాలిలో', 'ఓహో యాత్రికుడా', 'పాట పాడుమా కృష్ణా'... ఇవన్నీ ఆయన సోలోలు. పట్టుదల గల అభిమాని వీటిని పక్కకి నెట్టేస్తాడు. ఇద్దరి గొంతూ ఉంటేనే జంట అంటాడు. అప్పుడు మిగిలేవి కొన్నే. రెండో బావగారు పోరాడేది సరిగ్గా ఆ కొన్నిటికోసం. ఆయన వాదంలో పస ఉంది. రాజేశ్వరరావు ఒంటరిగా పాడినప్పుడు గమకం, మెలిక, ఆగి అందుకోవడం అన్నీ ఆయన ఇష్టం. ఆవిడతో పాడినప్పుడు మాత్రం కాస్త ఒదిగి పాడతారు. పక్కన చిన్నపిల్ల గొంతు ఉందన్న ఎరుక వినబడుతుంది. ఆవిడ వంతు వచ్చేసరికి ఆ పిల్ల బెదరదు. స్వరం మీద ముక్కుసూటిగా వచ్చి వాలుతుంది. ఇద్దరూ కలిసి ఒకే స్వరంలో పాడేచోట పాశ్చాత్య పద్ధతి హార్మనీ ఏమీ ఉండదు. అయినా రెండు గొంతులు అతుకు కనబడకుండా కలుస్తాయి.

రెండో పేచీ అసలైనది. దీని సంగతి తేల్చుకోకుండా మిగతావి మాట్లాడడం దండగ.

పేరు రాని పాటలే బాగున్నాయనేవాళ్లు తరచుగా ఒక మాట అంటారు: "ఎంత స్పష్టంగా ఉందండీ! ఆవిడ ఊపిరి కూడా వినబడుతోంది." నిజమే, వినబడుతుంది. కానీ అది పాట గొప్పా, ప్లేటు అదృష్టమా? ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. లక్కలో రాతిపొడి కలిపి, వేడిమీద ముద్ర వేసినట్టు అచ్చుగుద్దేవారు. దాని మీద ఉక్కు సూది నడవాలి. నిమిషానికి 78 చుట్లు. మూడు నిమిషాల పాటకి 234 చుట్లు. ఒక్కో చుట్టుకీ సూది గాడిని ఎంతో కొంత గీకుతూనే ఉంటుంది. పాటకో కొత్త సూది వేయమని కంపెనీవాళ్లు చెప్పేవారు. పొదుపరి ఇంట్లో ఆ మాట వినేదెవరు? ఒక్క సూదితో పెళ్లి అయిదు రోజులూ లాగించేసేవారు.

ఫలితం ఏమిటి? ఊరంతా మెచ్చిన పాటే అందరికంటే ఎక్కువ అరిగింది. పెళ్లిపందిట్లో, కాఫీ హోటల్లో, మేడమీద గదిలో వెయ్యిసార్లు తిరిగిన 'కోపమేల రాధ' ఇవాళ గరగరల మధ్య నించి వినబడుతుంది. అదే పెట్టెలో ఎవరూ తిప్పని ప్లేటు నిన్న కొన్నట్టుంది. అంటే జనం ప్రేమే ఆ పాటని పాడుచేసింది. నిర్లక్ష్యం రెండోదాన్ని కాపాడింది! కాబట్టి చెవికి హాయిగా ఉందని రెండోదానికి కిరీటం పెట్టడం తొందరపాటు. మొదటి బావగారికి ఈ మాట అమృతం. కానీ ఆయన కూడా మరీ పొంగిపోనక్కర్లేదు. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో విన్న పాట కాబట్టి ఆయనకి గొప్పగా ఉంది. ఆ గరగర కూడా ఆయన చెవికి వాద్యంలాగే తోస్తుంది. ఈ ఇద్దరిలో ఎవరు పాట వింటున్నారు, ఎవరు ప్లేటు వింటున్నారు అన్నది అసలు ప్రశ్న.

న్యాయంగా పోల్చాలంటే దారి ఒకటే. రెండు పాటలవీ తక్కువ అరిగిన ప్లేట్లు రెండు సంపాదించి, ఒకే యంత్రం మీద వరసగా వినాలి. అలా విన్నవాళ్లు తేల్చేది ఏమిటంటే, పేరున్నవాటికి పేరు ఊరికే రాలేదు. మూడు నిమిషాల్లో కథ మొదలై, అలక వచ్చి, తీరాలి. ఆ పొందిక వాటిలో ఉంది. పేరు రానివాటిలో కొన్నిటికి పల్లవి ఎత్తుగడ అద్భుతంగా ఉండి, చరణంలోకి వచ్చేసరికి కాలం చాలక హడావిడి పడతాయి. కానీ ఆ ఎత్తుగడల్లోనే తరవాతి రాజేశ్వరరావు దొరుకుతారు. 'మల్లీశ్వరి' (1951)లో దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటకి ఆయన కట్టిన బాణీల తీరు తెలిసినవాళ్లకి ఈ ప్లేట్లలో పాత చుట్టాలు కనబడతారు. పదేళ్ల ముందు ఇక్కడ తడుముకున్నది అక్కడ చేతికందింది. ఆ రకంగా చూస్తే రెండోవైపు పాటలు బాగా చదివి దిద్దుకున్న చిత్తుప్రతులు. చిత్తుప్రతి మీద మోజు తప్పేమీ కాదు. అదే ముత్యాల కోవ అని వాదించడమే కొంచెం ఎక్కువ.

మూడో పేచీ స్పీడు. ఇది వినడానికి తమాషాగా ఉంటుంది గానీ ఆవిడ పరువుకి సంబంధించింది. కీ ఇచ్చే మిషన్‌లో స్ప్రింగు బిగువుగా ఉంటే ప్లేటు వడిగా తిరుగుతుంది, సడలితే పాట సాగుతుంది. 78కి బదులు 80 తిరిగిందనుకోండి, శ్రుతి రెండున్నర శాతం లేస్తుంది. అంటే ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య ఉన్న దూరంలో దాదాపు సగం. 83 దగ్గరకి వెళ్లిందా, ఒకటిన్నర శ్రుతి కాస్తా రెండైపోతుంది. ప్లేటు నించి క్యాసెట్‌కి, క్యాసెట్ నించి సీడీకి, సీడీ నించి సెల్‌ఫోన్‌కి ఎక్కిన కాపీల్లో ఎక్కడ ఎంత కలిసిందో దేవుడికే తెలియాలి. అసలే పదేళ్లు దాటిన పిల్ల గొంతు. దాన్ని ఇంకా పైకి లేపితే కీచుగా వినబడదా? "బాలసరస్వతి గొంతు మరీ సన్నమండీ" అనేవాళ్లు చాలామంది వింటున్నది ఆవిణ్ణి కాదు, తప్పు స్పీడుని. ఆవిడ ఎలా పాడేవారో తెలియాలంటే 'దేవదాసు' (1953)లో క్షేత్రయ్య పదం వినండి. పాతికేళ్ల గొంతు. ఎంత నిండుగా, ఎంత నింపాదిగా ఉంటుందో!

ఈ ప్రాంతం వాళ్లకి ఆవిడ మీద ఇంకో హక్కు కూడా ఉంది. 1944లో ఆవిడ కోలంక రాజావారిని పెళ్లాడారు. కోలంక అంటే మన కాజులూరు మండలంలోదే. అందుకే ఇక్కడ ఒకాయన "మా కోలంక కోడలండీ" అని గర్వపడితే, పక్కాయన "ఆ కోలంకే కదండీ మనకి పాట లేకుండా చేసింది" అని నిట్టూరుస్తాడు. రెండోమాట పూర్తిగా న్యాయం కాదు. పెళ్లి తరవాత కూడా ఆవిడ కొన్నేళ్లు సినిమాలకి పాడారు, 'దేవదాసే' సాక్షి. తగ్గించింది క్రమంగా. ఇక జంట విడిపోవడానికి పెళ్లొక్కటే కారణం కాదు. రాజేశ్వరరావు జెమినీలో 'చంద్రలేఖ' (1948) వంటి భారీ సినిమాల్లో మునిగిపోయారు. నేపథ్యగానం వచ్చేసింది. దానికి తొలి తెలుగు గొంతుల్లో బాలసరస్వతే ఒకరు, 'భాగ్యలక్ష్మి' (1943)తో. ఇక సంగీత దర్శకుడు బాణీ కడతాడు, పాడడానికి వేరేవాళ్లు ఉంటారు. తానే కట్టి, తానే పాడి, పక్కన తోడు పాడించుకునే రోజులు అయిపోయాయి. ఆ ప్లేట్లు ఆ కొద్దికాలానివే. అందుకే కొన్నే ఉన్నాయి.

ఉన్న ఆ కొన్ని కూడా ఎక్కడున్నాయి? లక్క ప్లేటు చెయ్యి జారితే పెంకు. గోడకి వాలుగా ఉంచితే వంకర. 1986 గోదావరి వరదనీ, 1996 కోనసీమ తుపానునీ చూసిన ఇళ్లలో అటకమీద పెట్టె తడవకుండా మిగలడం అదృష్టమే. నీళ్లలో నానితే లేబులు ఊడిపోతుంది. అప్పుడు ఏ పాటో, ఎవరిదో చెప్పేది లేబుల్ పక్కన చెక్కిన నంబరు ఒక్కటే. పాత సామాన్లవాడికి అవి బరువు తప్ప మరేం కావు. పాట రాసినవారి పేరు లేబులు మీద లేకపోవడం ఆ రోజుల్లో మామూలే కాబట్టి, లేబులుతో పాటు పోయేవి ఇంకా ఉన్నాయి. రాజేశ్వరరావు 1999 అక్టోబరులో పోయారు. బాలసరస్వతి 97 ఏళ్లు బతికి 2025 అక్టోబరులో కన్నుమూశారు. సందేహం వస్తే అడగడానికి ఇద్దరిలో ఎవరూ లేరు.

ఇక్కడిదాకా వచ్చాక బావగార్లు ఇద్దరూ కాస్త మెత్తబడతారు. పెద్దాయన లేచి అటక మీది పెట్టె దించుతాడు. గుడ్డతో ప్లేటు తుడుస్తాడు. లోపల్నించి చెల్లెమ్మగారు "మళ్లీ ఆ దుమ్మంతా ఇక్కడేనా అన్నయ్యగారూ?" అని కేకేస్తుంది. కీ ఇస్తారు. కొత్త సూది వేస్తారు. రెండోవైపే పైకి పెడతారు. గరగర, హార్మోనియం, ఆపైన ఆవిడ గొంతు...

"కొంచెం ఫాస్టుగా లేదూ?"

"అబ్బే, సరిగ్గానే ఉందండీ బావగారూ!"

"ఉండండుండండి, స్ప్రింగు కొంచెం సడలనివ్వండి. అప్పుడు విందాం."